పాత బ్లాక్ అండ్ వైట్ టీవీకి కేబుల్ మాడ్యులేటర్ కలపొచ్చా?

మీ ప్రశ్న ఇది కదా: నాన్నగారు కొన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ ఇంకా వెలుగుతోంది, కానీ వెనక యాంటెనా స్క్రూలు తప్ప పసుపు, తెలుపు పిన్నులు పెట్టే సాకెట్లు లేవు. పాత సామాన్ల షాపులో ఒక కేబుల్ మాడ్యులేటర్ (వీడియో, సౌండ్‌లను టీవీ ఛానల్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) దొరికింది, దాంతో సెట్‌టాప్ బాక్స్ బొమ్మ ఇందులో చూడొచ్చా అని. హాయిగా చూడొచ్చండి. నేను మా ఊరి కేబుల్ కంట్రోల్ రూమ్‌లో పనిచేశాను, ఇప్పుడు అవే పెట్టెలతో పాత టీవీలు నడిపిస్తున్నాను. ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ముందు మాడ్యులేటర్ మీద రాసి ఉన్న ఛానల్ నంబర్ చూడండి. కేబుల్ డిజిటల్ అయినప్పుడు (మన హైదరాబాద్, విశాఖలకు 2013 మార్చి 31 గడువు) కంట్రోల్ రూముల్లోంచి ఇలాంటివి రాక్‌లకు రాక్‌లు స్క్రాప్‌కి పోయాయి. చాలావరకు ఒక్కోటి ఒక్క ఛానల్‌కే ట్యూన్ చేసినవి. ఈ-2 నుంచి ఈ-12 లోపు ఏది ఉన్నా మీకు పనికొస్తుంది. ఎస్ అని మొదలైతే అది కేబుల్ కోసమే వాడిన వేరే బ్యాండ్. టక్ టక్‌మని తిప్పే 12 ఛానళ్ల ట్యూనర్‌కి అది అందదు. ఉదాహరణకి ఈ-5 అంటే బొమ్మ 175.25 మెగాహెర్ట్జ్, సౌండ్ దానికి సరిగ్గా 5.5 పైన. టీవీ నాబ్ కూడా ఆ నంబర్ మీదే పెట్టి, చుట్టూ ఉండే ఫైన్ ట్యూనింగ్ రింగు మెల్లగా తిప్పాలి.

ఇక నేరుగా వైరు గుచ్చేయకండి. ఆ పెట్టె ఊరంతటికీ సిగ్నల్ పంపడానికి చేసింది. దాని అవుట్‌పుట్ 105 నుంచి 115 డీబీ మైక్రోవోల్ట్ (సిగ్నల్ బలం కొలత) దాకా ఉంటుంది, మీ టీవీకి 65 చాలు. అంత సిగ్నల్ ఒక్కసారి ఇస్తే బొమ్మ నల్లగా ముద్దకట్టి, వంకర్లు పోయి, పైకీ కిందికీ పరుగెడుతుంది. అది చూసి మాడ్యులేటర్ పోయిందని పక్కన పడేసేవాళ్లు ఎంతోమంది. సిగ్నల్ తగ్గించే 20 డీబీ అటెన్యుయేటర్లు రెండు వరసగా పెట్టండి, బొమ్మ నిలబడుతుంది. కేబుల్ సామాన్లు అమ్మే ఏ షాపులోనైనా దొరుకుతాయి. వాటి తర్వాత బాలన్ కావాలి, అంటే కేబుల్‌ని టీవీ స్క్రూలకు కుదిర్చే చిన్న ముక్క. మాడ్యులేటర్ కేబుల్ 75 ఓమ్‌లు, టీవీ వెనక రెండు స్క్రూలు 300 ఓమ్‌లు. మేడమీద పాత యాంటెనా మిగిలి ఉంటే దాని ప్లాస్టిక్ డబ్బాలోనే బాలన్ ఉండొచ్చు. ఒక మాట: ఈ అవుట్‌పుట్‌ని ఆ యాంటెనాకి మాత్రం కలపకండి. సిగ్నల్ గాల్లోకి పోతుంది, లైసెన్స్ లేకుండా అది నేరం.

బొమ్మ వచ్చాక సౌండ్ వినండి. తెరమీద తెల్లటి పేర్లు పడినప్పుడల్లా స్పీకర్‌లో "బర్ర్" మంటోందా? ముందు వైపు వీడియో లెవెల్ స్క్రూ కొద్దిగా తగ్గించండి. మన టీవీల పాల్ పద్ధతిలో తెలుపు ఎంత ఎక్కువైతే బొమ్మను మోసే క్యారియర్ సిగ్నల్ అంత పలచబడుతుంది. పూర్తిగా తెగితే, దాన్ని ఆసరా చేసుకుని వచ్చే సౌండ్ కూడా దాంతోపాటే తెగుతుంది. ఈ స్క్రూ సరిగ్గా కుదిరిన క్షణంలో పాత స్పీకర్‌లోంచి వచ్చే నిండు గొంతు వింటే ప్రాణం లేచి వస్తుంది. ఇంకో సంగతి, తెరమీద అడ్డంగా రెండు నీడ పట్టీలు మెల్లగా పాకుతుంటే మాడ్యులేటర్ పవర్ సప్లైలో ఫిల్టర్ కెపాసిటర్ ఎండిపోయినట్టు. అదే విలువది, అంతే వోల్టేజ్ లేదా ఎక్కువ వోల్టేజ్‌ది వేయించండి. కోఠీ గుజరాతీ గల్లీలో ఇది చిన్న పని.

"ఇదంతా ఎందుకు, టీవీ విప్పి వీడియో నేరుగా లోపలికి ఇచ్చేయి" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. ఆ కాలం సెట్లలో చాలావాటికి చాసిస్ (లోపలి లోహపు చట్రం) నేరుగా మెయిన్స్‌కి కలిసి ఉంటుంది. పసుపు పిన్ను గ్రౌండ్ దానికి తగిలిస్తే సెట్‌టాప్ బాక్స్ బాడీకే కరెంటు వస్తుంది, పట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. యాంటెనా స్క్రూలకు లోపల ఆ కరెంటుని ఆపే కెపాసిటర్లు ఉంటాయి. మాడ్యులేటర్ దారే మంచిదని నేను గట్టిగా చెప్పేది అందుకే. అయితే అవీ పాతబడినవే కాబట్టి, కలపకముందు స్క్రూల దగ్గర టెస్టర్ పెట్టి చూడండి. వెలిగితే ముందు మెకానిక్‌కి చూపించండి.

పాడైపోయిన వీసీఆర్‌లోంచి తీసిన చిన్న రేకు డబ్బా మాడ్యులేటర్ గురించి కూడా అడిగారు. అది ఎక్కువగా యూహెచ్ఎఫ్ (పై బ్యాండ్) 36వ ఛానల్ చుట్టుపక్కల పనిచేస్తుంది, అంటే 591.25 మెగాహెర్ట్జ్. మీ టీవీలో యూహెచ్ఎఫ్ లేదంటున్నారు కాబట్టి వదిలేయండి. చైనా వీడియో గేముల్లోవి కొన్ని మీ టీవీ అందుకునే వీహెచ్ఎఫ్ బ్యాండ్‌లోనే వస్తాయి గానీ, సౌండ్ బొమ్మకి 5.5 బదులు 6.5 మెగాహెర్ట్జ్ పైన పెట్టినవైతే బొమ్మ మాత్రమే కనిపించి మాట వినపడదు.

చివరగా, సెట్‌టాప్ బాక్స్ సెట్టింగ్స్‌లో వీడియో పాల్ అని, స్క్రీన్ 4:3 అని పెట్టండి. లేకపోతే మనుషులు సన్నగా సాగిపోయి కనిపిస్తారు. బొమ్మమీద సన్నటి చుక్కల జల్లెడ కనిపిస్తే కంగారు పడకండి, అది 4.43 మెగాహెర్ట్జ్ దగ్గరుండే కలర్ సిగ్నల్. మీ బాక్స్‌కి ఎస్-వీడియో సాకెట్ (వెలుగు, రంగు వేర్వేరు పిన్నుల్లో వచ్చేది) ఉంటే అందులో వెలుగు పిన్ను ఒక్కటే తీసి మాడ్యులేటర్‌కి ఇవ్వండి, చుక్కలు పూర్తిగా పోతాయి.