డ్రాగన్ ట్యాంకుకి ఫినాయిల్ వాడొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పదేళ్ల మా బాబు బియర్డెడ్ డ్రాగన్‌ని (తొండలాంటి పెంపుడు జీవి) పెంచుతున్నాడు. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు (68 ఏళ్లు) కంపు భరించలేక మొన్న దాని గాజు ట్యాంకుని ఫినాయిల్‌తో కడిగారు. అప్పట్నుంచీ అది కళ్లు మూసుకుని పడుకుంటోంది, తిండి ముట్టట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఇంట్లో రెండేళ్ల పాప కూడా ఉంది. ట్యాంకుని దేనితో కడగాలి?

జవాబు: ముందు దాన్ని ఆ ట్యాంకులోంచి తీసేయండి. పొట్ట, కాళ్లు గోరువెచ్చని నీళ్లతో కడిగి, గాలి ఆడే గదిలో వేరే డబ్బాలో వెచ్చగా ఉంచండి. రెండు రోజులుగా ఇలా ఉందంటే ఈరోజే ఎగ్జాటిక్ వెట్‌కి, అంటే ఇలాంటి అరుదైన పెంపుడు జీవుల్ని చూసే పశువైద్యుడికి చూపించాలి. ఫినాయిల్ సీసా కూడా పట్టుకెళ్లండి. వేడి దీపం కింద నోరు తెరుచుకుని కూర్చోవడం వీటికి మామూలే. దీపానికి దూరంగా ఉన్నప్పుడూ నోరు తెరిచే ఉన్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా అది ఊపిరి ఇబ్బందే.

అత్తయ్యగారిని ఏమీ అనకండి. మన ఇళ్లలో ఫినాయిల్ వాసన వస్తేనే కడిగినట్టు లెక్క! కానీ నల్ల ఫినాయిల్‌లో ఫినాల్ రకాలు, తెల్లదాంట్లో పైన్ నూనె ఉంటాయి. రెండూ సరీసృపాలకు పడవు. డెట్టాల్ కూడా అదే కోవలోది. మన వేపచెట్టు మీద తల ఊపే తొండకి ఈ ఆస్ట్రేలియా జీవి దూరపు చుట్టం. రోజంతా పొట్ట నేలకి ఆనించి ఉంటుంది, కనబడిన ప్రతిదాన్నీ నాలుకతో తాకి చూస్తుంది. మనలా గట్టిగా దగ్గి గొంతు శుభ్రం చేసుకోలేదు. మూతపెట్టిన గాజుపెట్టెలో, పైగా దీపం వేడికి ఆ ఘాటు ఎలా ఉంటుందో ఊహించండి.

అసలు కంపుకి మందు బ్రష్షు, సబ్బునీళ్లు. పెంట కనబడినప్పుడల్లా తీసేస్తే సగం వాసన ఉండదు. దాంతోపాటు సుద్దముక్కలా తెల్లగా అంటుకుని ఎండిపోయేది యూరిక్ యాసిడ్, అంటే దాని మూత్రమే. గోకి గాజు మీద గీతలు పెట్టకండి. వేడినీళ్లలో తడిపిన పేపర్ టవల్ ఐదు నిమిషాలు దాని మీద వేసి ఉంచితే మెత్తబడి ఊడొస్తుంది. ఈ మురికి పోకుండా ఎంత ఖరీదైన క్రిమిసంహారకం పోసినా దండగ.

నెలకోసారి మొత్తం ఖాళీ చేసి, సబ్బుతో కడిగాక బ్లీచ్ వాడండి. వాసన కలపని మామూలు బ్లీచ్, లీటరు చన్నీళ్లకి రెండు టేబుల్ స్పూన్లు. ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, మర్నాటికి బలం తగ్గిపోతుంది. పది నిమిషాలు తడిగా ఉంచి, నాలుగైదుసార్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. మీ ముక్కుకి ఏమాత్రం బ్లీచ్ వాసన తగిలినా డ్రాగన్‌ని లోపల పెట్టకండి. వెనిగర్, అమోనియా, టాయిలెట్ క్లీనర్లతో బ్లీచ్‌ని కలిపితే విషవాయువులు వస్తాయి, జాగ్రత్త.

బ్లీచ్ పడనివాళ్లకి క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమిసంహారకం ఉంది. సీసా మీది మోతాదులో కలపండి. సబ్బు మిగిలి ఉంటే ఇది పనిచేయదు, కాబట్టి ముందు నీళ్లతో బాగా జాడించాలి. కొమ్మలు, చెక్కముక్కలు మందుని పీల్చుకుని ఉంచేసుకుంటాయి. ఫినాయిల్ తగిలినవాటిని పారేయడమే మేలు. ఒకవేళ వెట్ పరీక్షలో క్రిప్టోస్పోరిడియం అనే పేగుల పరాన్నజీవి ఉందని తేలితే ఈ రెండు మందులూ చాలవు, ఆవిరితో శుభ్రం చేయాల్సి రావచ్చు.

ఇక పాప సంగతి. ఆరోగ్యంగా కనిపించే డ్రాగన్ పెంటలో కూడా విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా బాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలో సరీసృపాలు వద్దనే అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. 65 దాటిన అత్తయ్యగారికీ రిస్కు ఎక్కువే. ఉంచుకోక తప్పదంటే బాబు గదిలోనే, పాపకి అందకుండా ఉంచండి. దాని గిన్నెలు వంటింటి సింక్‌లో కడగొద్దు. బయట పెరట్లో కడిగి, మురికినీళ్లు టాయిలెట్‌లో పోయండి. ముట్టుకున్న ప్రతిసారీ బాబు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పాపకి జ్వరంతో విరేచనాలు పట్టుకుంటే, డాక్టర్ అడిగేదాకా ఆగకుండా ఇంట్లో డ్రాగన్ ఉందని మీరే చెప్పండి.