బీకాంతో ఆక్యుపేషనల్ థెరపీ

ప్రశ్న: హైదరాబాద్‌లో మూడేళ్ల బీకాం చేశాను. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాను. ఆక్యుపేషనల్ థెరపీలో (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా రోగులకు తోడ్పడే చికిత్స) మాస్టర్స్‌కు అప్లై చేయొచ్చా?

జవాబు: చేయొచ్చండీ. మన దేశంలో ఎంఓటీకి (ఈ థెరపీలో మాస్టర్స్) బీఓటీ (ఇందులోనే బ్యాచిలర్స్) ఉండి తీరాలి. అమెరికాలో ఏ డిగ్రీ అయినా పర్లేదు. చిక్కల్లా మూడేళ్ల దగ్గరే. కొన్ని యూనివర్సిటీలు దాన్ని నాలుగేళ్ల డిగ్రీతో సమానంగా చూడవు. అందుకే ముందు కోర్సువారీ ఎవాల్యుయేషన్ (మీ చదువు అమెరికా చదువుతో ఎంత సమానమో తేల్చే మదింపు) చేయించి, అడ్మిషన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టండి. ఫీజులు కట్టడం ఆ తర్వాతే.

మాస్టర్స్‌లో చేరేముందు చదివి ఉండాలని సాధారణంగా అడిగే కోర్సులు అనాటమీ-ఫిజియాలజీ 1, 2 (ల్యాబ్‌తో), స్టాటిస్టిక్స్, డెవలప్‌మెంటల్, అబ్నార్మల్ సైకాలజీ, సోషియాలజీ. కమ్యూనిటీ కాలేజీలో చౌకగా అయిపోతాయి. ల్యాబ్ లేని ఆన్‌లైన్ అనాటమీ తీసుకుని మళ్లీ చదివేవాళ్లున్నారు, జాగ్రత్త. ఒక్క కోర్సు చదివిన కాలేజీ అయినా సరే, ఓటీకాస్‌కు (ఓటీ కోర్సుల ఉమ్మడి ఆన్‌లైన్ దరఖాస్తు విధానం) ట్రాన్స్‌క్రిప్ట్ వెళ్లాల్సిందే.

అబ్జర్వేషన్ గంటలు (థెరపిస్టు పనిని దగ్గరుండి చూసే సమయం) ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. ఆసుపత్రి, స్కూలు రెండూ చూడండి. పక్షవాతం వచ్చినవారికి చొక్కా తొడగడంలో ముందు బలహీనమైన చేతినే ఎందుకు దూర్చమంటారో గమనించి రాస్తే, 'సేవ చేయాలనుంది' అన్న వాక్యం కంటే అప్లికేషన్ వ్యాసానికి అదే బలం.