తేనెటీగ కుడితే మోచేతి దాకా వాచింది... పెట్టెలు తీసేయాలా?

ప్రశ్న: నా వయసు 41. సరదాగా పెరట్లో రెండు తేనెపెట్టెలు పెట్టుకుని ఎనిమిది నెలలైంది. ఇదివరకు నాలుగైదుసార్లు ఈగలు కుట్టినా గంటలో తగ్గిపోయేది. పోయిన వారం పెట్టెలోంచి తేనెపట్టు ఉండే ఫ్రేమ్ పైకి తీస్తుంటే మణికట్టు మీద కుట్టింది. మర్నాటికి మోచేతి దాకా వాచి, ఎర్రబడి, ఒకటే దురద. తగ్గడానికి ఆరు రోజులు పట్టింది. ఈసారి కుడితే ప్రాణం మీదికి వస్తుందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. బీపీకి అటెనొలాల్ వాడుతున్నాను. ఏం చేయమంటారు?

సలహా: ఈ ఒక్క వాపు కోసం పెట్టెలు తీసేయక్కర్లేదు. నిజానికి వాపు కంటే మీరు చివర్లో రాసిన బీపీ మాత్రే నన్ను ఆలోచనలో పడేసింది.

ముందు వాపు సంగతి. కుట్టిన చోట 10 సెంటీమీటర్లు దాటి వాచడం అలర్జీయే, కానీ ఆ చోటుకే పరిమితమైన అలర్జీ. 24 నుంచి 48 గంటల్లో బాగా పెరిగి, వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఎర్రగా, వేడిగా ఉండేసరికి చీము పడుతోందని యాంటీబయాటిక్ మింగేవాళ్లు చాలామంది. మొదటి రెండు రోజుల వాపుకి అది పనిచేయదు. తగ్గాల్సిన సమయంలో నొప్పి పెరుగుతూ జ్వరం వస్తేనే ఇన్ఫెక్షన్ అనుమానించాలి. ఐస్ పెట్టడం, చేయి ఎత్తులో ఉంచడం, దురదకి సెట్రిజిన్ లాంటి మాత్ర చాలు. చేతికి కుడితే వాపు రాకముందే ఉంగరం తీసేయండి. తర్వాత రాదు!

ఇలా వాచినవాళ్లలో మరోసారి కుట్టినప్పుడు ఒళ్లంతా అలర్జీ వచ్చేది నూటికి 5 నుంచి 10 మందికే. అది ఎలా ఉంటుందో ఇంట్లో అందరికీ తెలియాలి. మణికట్టు మీద కుడితే పొట్ట మీద దద్దుర్లు, పెదవులు, నాలుక వాపు, గొంతు బిగుసుకోవడం, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం. సాధారణంగా నిమిషాల్లోనే మొదలవుతాయి. అప్పుడు సెట్రిజిన్ వేసుకుని చూద్దామనుకోవద్దు. అంబులెన్స్‌ను పిలవాలి. ప్రాణం కాపాడే మందు తొడ బయటివైపు కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. కళ్లు తిరుగుతుంటే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచండి, లేచి నడవనివ్వద్దు. ఆయాసంగా ఉంటే మాత్రం కూర్చోనివ్వండి.

ఇక మాత్ర. అటెనొలాల్ బీటా బ్లాకర్ల రకం, అంటే గుండె మీద అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు. ఇవి వాడేవాళ్లకి తీవ్రమైన అలర్జీ వస్తే అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. అలాగని రేపటి నుంచి మానేయకండి. ఉన్నట్టుండి ఆపితే గుండె మీద దెబ్బ పడుతుంది. తేనెటీగలు పెంచుతున్నానని మీ డాక్టర్‌తో చెప్పి, వేరే రకం మందుకి మారడం కుదురుతుందేమో అడగండి. అలర్జీ నిపుణుణ్ణి కూడా ఒకసారి కలవండి. ఎప్పుడైనా ఒళ్లంతా అలర్జీ వస్తే, పరీక్ష చేసి తేనెటీగ విషాన్నే కొద్దికొద్దిగా పెంచుతూ ఇచ్చే ఇంజెక్షన్ల చికిత్స ఉంది. మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది కానీ బాగా పనిచేస్తుంది.

ముల్లుని గోటితో గీకాలా, పట్టి లాగాలా అని చాలామంది అడుగుతారు. ఎలా తీసినా ఫర్వాలేదు, వెంటనే తీయాలి. ఈగ ఎగిరిపోయినా ముల్లుకి అంటుకున్న విషపు తిత్తి కొట్టుకుంటూ లోపలికి విషం పంపుతూనే ఉంటుంది. దగ్గరగా చూస్తే ఆ కదలిక కనిపిస్తుంది కూడా. పైగా అక్కడ అరటిపండు లాంటి వాసన వస్తుంది. మిగతా ఈగలకి అది 'ఇక్కడ కుట్టండి' అనే పిలుపు. అందుకే ముల్లు తీశాక ఆ చోట కాస్త పొగ పట్టి, పెట్టె మూసేసి పక్కకి రండి.

మందు విషయం తేలేదాకా మాత్రం, ముఖానికి వల, చేతికి గ్లౌజులు ఉన్నా సరే, ఒంటరిగా పెట్టె తెరవకండి.