చిన్నమ్మాయికి పెదనాన్న రాసేది

బంగారు తల్లీ,

డాక్యుమెంటరీలు ఆపి కథాచిత్రం తీయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గర్వంతో బ్రాడీపేటలో నలుగురికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్రపట్టలేదు.

వయసు మించిపోయిందని అమ్మ బెంగ. 1974లో తొలి కథాచిత్రం ‘అంకుర్’ వచ్చేనాటికి హిందీ దర్శకుడు శ్యామ్ బెనెగల్‌కి 40 ఏళ్ళు దగ్గరపడ్డాయి, అంతకుముందు తీసినవన్నీ యాడ్‌ఫిల్ములూ డాక్యుమెంటరీలే. ఒప్పందాలు కాగితం మీద పెట్టించు. అమ్మ పేరున ఉన్న స్థలం తాకట్టు పెట్టావో, నా గడప తొక్కకు. ‘ఎడిటింగ్‌లో చూసుకుందాం’ అనే అలవాటు మానుకో, ఇక్కడ కథ ముందే తేలాలి.

అసలు భయం వేరే. మిర్చి యార్డు మీద ఒక డాక్యుమెంటరీకి నేను సౌండ్ చేశాను. టిక్కీ బస్తాలు దించుతుంటే ఆ ఘాటుకి ప్రతి టేకులోనూ దగ్గులే. తొడిమలు తీసే ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, మొగుడు వదిలేసిన వైనమంతా చెప్పింది. చివర్లో, “ఇది బయటికి రానీకండయ్యా” అంది. డైరెక్టరు ఆ ముక్క తీసేశాడు. తర్వాత కథాచిత్రం తీస్తూ ఆ మాటలే హీరోయిన్ చేత పలికించాడు. పేరూ ఊరూ మార్చాడు గానీ యాస అదే, ముంజేతి మీద పచ్చబొట్టూ అదే. యార్డులో వాళ్ళు ఇట్టే పోల్చుకున్నారు. ఆవిడ పనిలోకి రావడం మానేసింది. “కథే కదండీ” అన్నాడాయన. నీ నోట ఆ మాట రాకూడదమ్మా.

పోలండు దర్శకుడు కీష్లోవ్‌స్కీ వార్సా రైల్వేస్టేషన్ మీద డాక్యుమెంటరీ తీస్తుంటే పోలీసులు ఫిల్మంతా పట్టుకుపోయారు, తల్లిని చంపిన ఒక అమ్మాయి అందులో పడిందేమోనని. పడలేదు. పడుంటే తన కెమెరాయే పట్టించేదన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు. డాక్యుమెంటరీలు దాదాపు మానేశాడు. కథలోకి వచ్చినంత మాత్రాన ఆ బాధ్యత తీరదని నేను యార్డులో చూశాను.

సీతానగరం పడవలవాళ్ళు నిన్ను నమ్మి చెప్పినవి నీ హార్డ్‌డిస్కుల్లో ఎన్నో ఉన్నాయి. వాడుకో, కానీ పనీ, చుట్టరికాలూ, జరిగిన వరసా అన్నీ మార్చు. అయినా పోల్చుకుంటారనిపిస్తే వెళ్ళి ఆ మనిషికే చదివి వినిపించు. వద్దంటే ఆ సీను తీసెయ్, ఎంత బాగున్నా సరే.

వేళకి తిను. స్క్రిప్టు ప్రింటు తీసి పంపు, ఫోన్‌లో అక్షరాలు నాకు ఆనవు. సౌండ్‌కి మనిషి దొరక్కపోతే చెప్పు, బస్సెక్కి వచ్చేస్తాను.

మీ పెదనాన్న, గుంటూరు