బర్జెస్ వలయాలు గుర్తుండట్లేదా? ఒకసారి పొగతోటకు వెళ్ళిరా

ప్రశ్న: మాది వింజమూరు దగ్గర పల్లె. ఇంటర్ సీఈసీ, తర్వాత బీఏ హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్ చేశాను. నెల్లూరులో హాస్టల్లో ఉండి సివిల్స్‌కి చదువుతున్నాను. ఆప్షనల్ జాగ్రఫీ. పట్టణాల సిద్ధాంతాల దగ్గర ఆగిపోయాను. బర్జెస్, హోయ్ట్, హారిస్-ఉల్‌మన్, క్రిస్టాలర్... నాలుగుసార్లు చదివినా వారం తిరిగేసరికి కలగాపులగం అయిపోతున్నాయి. 15 మార్కుల ప్రశ్నకి 5 దాటట్లేదు. మా నాన్నేమో "షికాగో ఎట్టుంటే మనకేంది, దీంట్లో ఉద్యోగముందా?" అంటున్నారు. ఆప్షనల్ మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చొద్దమ్మా. నువ్వుంటున్న ఊరిని ఒకసారి కాలినడకన చూసేదాకా ఆగు. నీ జ్ఞాపకశక్తికొచ్చిన లోటేమీ లేదు. ఎక్కడో ఒక ఊరిని చూసి గీసిన బొమ్మని మన ఊరి పక్కన పెట్టి చూడకుండా బట్టీ పడితే ఎవరికైనా వారమే నిలుస్తుంది.

ఊళ్ళు ఎలా పెరుగుతాయో చెప్పే ప్రయత్నంలో బర్జెస్ 1925లో అమెరికాలోని షికాగోని చూసి 5 వలయాలు గీశాడు. నడిమధ్య వ్యాపార కేంద్రం, దాన్ని ఆనుకుని పాతబడి చేతులు మారుతుండే సంధి ప్రాంతం, తర్వాత కార్మికుల ఇళ్ళు, ఆపైన కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళు, చివర రోజూ ఊళ్ళోకి పనికొచ్చిపోయేవాళ్ళ శివార్లు. కొత్తగా వలసొచ్చినవాడు మధ్యలో దిగుతాడు. నాలుగు డబ్బులు చేతిలో ఆడాక బయటి వలయానికి జరుగుతాడు, వాడు ఖాళీ చేసిన గదిలోకి ఇంకో వలసవాడొస్తాడు. ఈ జరుగుడే ఆ సిద్ధాంతానికి ప్రాణం. చాలామంది వలయాల పేర్లు వరసగా రాసి దీన్ని వదిలేస్తారు, మార్కులు అక్కడే జారిపోతాయి.

షికాగోకి తూర్పున మిషిగన్ సరస్సు ఉంది. అంటే సొంత ఊళ్ళోనే ఆయన వలయాలు సగానికి తెగిపోయాయి! మనకు ఉత్తరాన పెన్న ఉంది. రంగనాయకులపేటలో గుడి దగ్గర ఏటి ఒడ్డున నిలబడి చూస్తే ఊరు దక్షిణానికి ఎందుకు సాగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకన్నా పెద్ద తేడా ఇంకొకటుంది. ఆయన బొమ్మలో పేదలు నడిమధ్య, ఉన్నవాళ్ళు అంచున. మన పాత ఊళ్ళల్లో ఉన్నవాళ్ళు గుడి చుట్టూ, బజారు చుట్టూ ఇళ్ళు కట్టుకున్నారు, పేదల గుడిసెలు ఊరి చివరికి పోయాయి. మాగుంట లేఅవుట్ లాంటి కలిగినవాళ్ళ కాలనీలు వచ్చాక ఆ లెక్క కొంత మారింది కానీ పూర్తిగా తిరగబడలేదని నా అభిప్రాయం. ఈ నాలుగు ముక్కలు నీ జవాబులో ఉంటే దిద్దేవాళ్ళు ఆగి చదువుతారు.

హోయ్ట్ సంగతి త్వరగా తేల్చేయొచ్చు. 1939లో 142 అమెరికా పట్టణాల ఇంటి అద్దెలు పరిశీలించి, ఊరు వలయాలుగా కాకుండా రోడ్ల వెంట, రైలు దారుల వెంట, నడిమధ్య నుంచి కోసిన కేకు ముక్కల్లా బయటికి సాగుతుందన్నాడు. ట్రంకు రోడ్డు పట్టుకుని వేదాయపాళెం దాకా ఆటోలో వెళ్ళు, అర్థమైపోతుంది.

హారిస్, ఉల్‌మన్‌ల దగ్గర మాత్రం తొందరపడొద్దు. ఊరికి ఒకే గుండె ఉండదు, చాలా కేంద్రాలుంటాయని 1945లో వాళ్ళు చెప్పారు. కారణాలు నాలుగు: కొన్ని పనులకు ప్రత్యేక వసతి కావాలి, ఒకే రకం పనులు ఒకచోట చేరితే అందరికీ లాభం, కొన్ని పనులకు ఒకదానితో ఒకటి పొసగదు, కొన్ని ఎక్కువ అద్దె భరించలేవు. ఇప్పుడు పొగతోటకు వెళ్ళు. పేరు పొగాకుది, అక్కడికి వెళ్ళేది మాత్రం దగ్గు మానడానికి! డాక్టరు పక్కన డాక్టరు, కింద మందుల షాపు, పక్కనే ల్యాబు, స్కానింగు, ఎదురుగా టిఫిన్ హోటలు. పోటీదారుడి పక్కనే బోర్డు ఎందుకు పెడతారు? పల్లె నుంచి వచ్చిన మనిషి ఒక్క పూటలో అన్నీ చూపించుకుని సాయంత్రం బస్సెక్కాలి కాబట్టి. ఇదే రెండో కారణం. లారీల మెకానిక్ షెడ్లు ఆ వీధిలో ఎందుకు లేవో ఆలోచిస్తే మూడోదీ నాలుగోదీ వాటంతటవే వస్తాయి.

క్రిస్టాలర్ చెప్పింది ఒక ఊరి లోపలి సంగతి కాదు, చుట్టుపక్కల పల్లెలకి ఏ ఊరు ఏ అవసరం తీరుస్తుందన్నది. అందుకే ఆయనకి నెల్లూరు చాలదు, మీ పల్లె కావాలి. నాన్నగారినే అడుగు. సబ్బు ఎక్కడ కొంటారు? పల్లెలోనే. మోటారు కాలిపోతే? వింజమూరు. స్కానింగు? కావలి, లేకపోతే నెల్లూరు. గుండె ఆపరేషన్? చాలామందికి మద్రాసే. ఒక వస్తువు కోసం మనిషి ఎంత దూరం పోతాడన్నది రేంజ్. ఆ కొట్టు నిలబడాలంటే కనీసం ఎంతమంది కొనాలన్నది థ్రెషోల్డ్. 1933లో దక్షిణ జర్మనీని చూసి ఆయన చెప్పింది ఇంతే, ఒక్కో ఊరి మార్కెట్ పరిధిని చూపించే షట్కోణాలు తర్వాత గీసుకోవచ్చు. అయితే ఆయన నేల చదునుగా, అన్ని దిక్కులా ఒకేలా ఉంటుందని అనుకున్నాడు. మన దగ్గర తూర్పున సముద్రం, పడమర వెలిగొండలు. నెల్లూరు, కావలి, ఒంగోలు ఒకే హైవే మీద, ఒకే రైలు దారి మీద దండలో పూసల్లా ఉన్నాయి. పెద్ద ఊళ్ళని కలిపే దారి మీదే చిన్న ఊళ్ళు రావడం ఆయన రవాణా సూత్రం, అదే కె విలువ 4. కె అంటే ఒక పెద్ద ఊరి కింద, దాన్నీ కలుపుకుని, ఎన్ని చిన్న ఊళ్ళ పరిధి వస్తుందన్న లెక్క. మార్కెట్ సూత్రం 3, పాలనా సూత్రం 7.

ప్రధాన నగరం అన్న మాట కూడా ఇలాగే పట్టుకో. దేశంలో మొదటి నగరం రెండోదానికి రెట్టింపుకు మించి ఉండటం గురించి మార్క్ జెఫర్సన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1939లో రాశాడు. దాన్ని రాష్ట్రానికి వేసి చూడు. 2011 లెక్కల్లో హైదరాబాదు 67 లక్షలు, విశాఖ 17 లక్షలు. 2014 విభజన తర్వాత మనకు మిగిలింది విశాఖ, 10 లక్షల పైచిలుకు విజయవాడ. విశాఖ విజయవాడకు రెట్టింపు లేదు కదా, రాత్రికి రాత్రి మన రాష్ట్రానికి ప్రధాన నగరం లేకుండా పోయింది.

ఇక నాన్నగారి ప్రశ్న. అది న్యాయమైనదే, కసురుకోవద్దు. ఆప్షనల్ రెండు పేపర్లు, 500 మార్కులు సివిల్స్‌లోనే. గ్రూప్-1లో ఆప్షనల్ లేదు, కాకపోతే మెయిన్స్‌లో చరిత్రతో పాటు భూగోళం కూడా ఉంది కాబట్టి చదివింది వృథా పోదు. ఇంటర్లో లెక్కలు లేవు కనక జేఈఈ ద్వారా బీ.ప్లానింగ్ (పట్టణ ప్రణాళిక డిగ్రీ) దారి నీకు మూసుకుపోయింది, దాని గురించి బాధపడకు. ఏయూ, ఎస్వీయూల్లో జాగ్రఫీ పీజీ ఉంది. నీ బీఏతో అర్హత ఉందో లేదో నోటిఫికేషన్‌లో చూసుకుని పీజీసెట్ రాయి. పీజీ జాగ్రఫీతో ఎం.ప్లానింగ్‌కి వెళ్ళే వీలుంటుంది. 2008లో మొదలైన ప్లానింగ్ స్కూలు విజయవాడలోనే ఉంది. నెల్లూరుకు 2017లో నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చింది. ఏ రోడ్డు పక్క ఏది కట్టనివ్వాలి, లేఅవుట్ ఎటు పోనివ్వాలి అనేది వాళ్ళ రోజువారీ పని. బర్జెస్, హోయ్ట్ తలో రకంగా చెప్పింది కూడా ఊరు ఎటు, ఎలా పెరుగుతుందన్నదాని గురించే.

ఈ లోపు క్యూజీఐఎస్ అనే మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ నేర్చుకో. అది ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. మొదటి పనిగా పొగతోటలో ఆసుపత్రులు, ల్యాబులు, మందుల షాపులు ఎక్కడెక్కడున్నాయో నడిచి రాసుకుని మ్యాపు మీద చుక్కలు పెట్టు. రెండు ఆదివారాల పని. ఆ మ్యాపు చేతిలో పెట్టుకుని మళ్ళీ అదే 15 మార్కుల ప్రశ్న రాయి. అప్పటికీ 8 రాకపోతే ఆప్షనల్ మార్చడం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.