ఈఎంఐ ఆపొద్దు, లోనూ ముందే తీర్చొద్దు

ప్రశ్న: మాది తిరుపతి. 2019లో ఊరి శివార్లలో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో డబుల్ బెడ్‌రూమ్ కొన్నాం. మొత్తం 42 లక్షలు. రిజిస్ట్రేషన్ 34 లక్షలకు, మిగతా 8 లక్షలు నగదుగా ఇచ్చాం. 27 లక్షల లోను, ఎనిమిదిన్నర శాతం, 20 ఏళ్లు. నెలకు రూ.23,431 ఈఎంఐ, ఆరేళ్లుగా ఒక్కటీ తప్పలేదు. ప్లాన్ అప్రూవల్ ఉంది, బ్యాంకు లాయరు కాగితాలు చూశాడు, ఇంటి పన్ను ఏటా కడుతున్నాం. పోయిన నెల అధికారులు వచ్చి, స్థలంలో కొంత చెరువు పోరంబోకు అని గేటుకు నోటీసు అంటించారు. బిల్డరు ఫోన్ ఎత్తడు. మావారు ఈఎంఐ ఆపేద్దాం అంటున్నారు. తమ్ముడేమో మా 6 లక్షల ఎఫ్‌డీ తీసి లోనుకు కట్టేయమంటున్నాడు. ఒక బ్రోకరు, నోటీసు మాట ఎత్తకుండా 25 లక్షలకు అమ్మిపెడతానంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ మూడూ వద్దు.

ముందు ఈఎంఐ సంగతి. నోటీసు ఎవరిచ్చినా, లోను మీకూ బ్యాంకుకూ మధ్య ఒప్పందం. ఫ్లాటు కూల్చినా అప్పు మీ పేరు మీదే నిలుస్తుంది. 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు అద్దె ఇంటికి మారాల్సివచ్చి చేతి అవసరానికి అప్పు కావాలంటే దొరకదు. అన్నట్టు, హోమ్ ఇన్సూరెన్స్ మీద కూడా ఆశ పెట్టుకోకండి. ప్రభుత్వ ఉత్తర్వుతో జరిగే కూల్చివేతకు ఆ పాలసీలు వర్తించవు.

అలాగని తమ్ముడి మాటా వినొద్దు. లెక్క చూడండి. 72 ఈఎంఐల్లో మీరు కట్టింది దాదాపు 16.87 లక్షలు, అందులో అసలు తగ్గింది 4 లక్షలే. ఇంకా సుమారు 23 లక్షలు బాకీ. ఉన్న 6 లక్షలూ అందులో పోస్తే మీ చేతిలో ఏమీ మిగలదు, బాకీ 17 లక్షలు మాత్రం అలాగే ఉంటుంది. వివాదంలో పడిన ఆస్తిలో కొత్తగా ఒక్క రూపాయి పెట్టకండి. ఆ ఎఫ్‌డీలోంచి ఆరు నెలల ఈఎంఐకి లక్షా 40 వేలు పక్కన పెట్టుకోండి. అద్దె అడ్వాన్సుకూ సామాను తరలింపుకూ ఒక లక్ష. లాయరు ఫీజు 24 ఇళ్లవాళ్లూ పంచుకుంటే భారం కాదు. మిగిలింది పిల్లల ఫీజులకూ ఇంటి ఖర్చుకూ అలాగే ఉంచండి.

ఇక బ్రోకరు. తెలిసిన లోపాన్ని కొనేవాళ్లకు చెప్పి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ అంటుంది. దాచి అమ్మితే ఆ కేసు మీ మీదికి వస్తుంది. అంతకంటే ముఖ్యం, మీరు ఈ నెలంతా పడిన నరకాన్ని ఇంకో తిరుపతి కుటుంబం నెత్తిన పెట్టినవాళ్లవుతారు. ఆ పాపం మీకొద్దు. బీపీఎస్ (అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ స్కీము) కింద డబ్బు కడితే రెగ్యులరైజ్ అయిపోతుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. చెరువు స్థలంలో, ప్రభుత్వ భూమిలో కట్టినవాటికి ఆ స్కీము వర్తించదు.

ఇప్పుడు చేయాల్సింది. నోటీసులో సెక్షన్ నంబరు చూడండి. 1905 భూ ఆక్రమణల చట్టం 7వ సెక్షన్ అయితే అది సంజాయిషీ అడగడమే. ఖాళీ చేయించే ఉత్తర్వు 6వ సెక్షన్ కింద వేరేగా వస్తుంది. గడువు లోపల రాతపూర్వకంగా జవాబివ్వండి, రసీదు తీసుకోండి. మీ అందరి సమక్షంలో సర్వే చేయమని అడగండి. ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం), ఫెయిర్ అడంగల్ (ఏ భూమి ఏ రకమో చూపే రెవెన్యూ రికార్డు) నకళ్లకు దరఖాస్తు పెట్టండి. పోరంబోకు అన్నది బిల్డింగ్ కింద ఉందా, పార్కింగ్ మూలన ఉందా అన్నదాని మీదే మీ కేసు సగం ఆధారపడి ఉంది.

తర్వాత మీ దస్తావేజు తీసి చివరి పేజీలు చదవండి. భవిష్యత్తులో తకరారులు వస్తే మా సొంత ఖర్చులతో పరిష్కరించి ఇస్తామన్న వాక్యం దాదాపు ప్రతి సేల్ డీడ్‌లోనూ ఉంటుంది. కింద ఎవరెవరు సంతకం పెట్టారో చూడండి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (స్థలం ఒకరిది, కట్టేది ఇంకొకరు, ఫ్లాట్లు పంచుకునే ఒప్పందం) మీద కట్టిన బిల్డింగ్ అయితే స్థల యజమాని సంతకం కూడా ఉంటుంది. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలో కట్టినవాళ్లు, అమ్మినవాళ్లు వేరువేరైనా ఇద్దరూ ప్రమోటర్లే, ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత. బిల్డరు ఫోన్ ఎత్తకపోవచ్చు. తన వాటా ఫ్లాట్లు పెట్టుకుని ఈ ఊళ్లోనే ఉన్న స్థల యజమాని ఎక్కడికి పోతాడు? ఆయన్నీ పార్టీగా చేర్చండి. 2016 రెరా చట్టం 18(2) ప్రకారం, భూమి టైటిల్‌లో (యాజమాన్య హక్కులో) లోపం వల్ల నష్టపోతే ప్రమోటరు పరిహారం ఇవ్వాలి. దానికి కాలపరిమితి అడ్డు రాదు. ఆరేళ్లయిందని ఎవరైనా భయపెడితే ఈ సెక్షన్ చూపించండి.

కష్టమైన చోటు దస్తావేజులో లేని ఆ 8 లక్షలు. 2019లో కేరళలోని మరడులో సుప్రీంకోర్టు నాలుగు అపార్ట్‌మెంటు సముదాయాలను కూల్చమంది. 2006లో అక్కడి పంచాయతీయే పర్మిట్లు ఇచ్చింది, అవి తీరప్రాంత నిబంధనలకు విరుద్ధమని తేలింది. పరిహారం లెక్కగట్టిన కమిటీ మొదట దస్తావేజులో రాసిన ధరనే చూసి కొందరికి 25 లక్షల కంటే తక్కువ సిఫార్సు చేసింది. తర్వాత కోర్టే కలగజేసుకుని అందరికీ 25 లక్షలు ఇమ్మంది. కాబట్టి నగదు ఎక్కడి నుంచి తెచ్చారో చూపే ప్రతి కాగితం వెతకండి: బంగారం కుదువ పెట్టిన రసీదు, చీటీ పాస్‌బుక్, ఆ వారం బ్యాంకులో డ్రా చేసిన ఎంట్రీ, వాట్సాప్ మెసేజీ. దొరకకపోతే 34 లక్షల మీదే పోరాటం.

చెరువు కాపాడొద్దని నేననను. 2021 నవంబరు వరదలు మనం చూశాం. రాయలచెరువు కట్ట ఏమవుతుందోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన రోజులు మరిచిపోలేదు. కానీ ప్లాను మీద సీలు వేసిన ఆఫీసు, లోనిచ్చిన బ్యాంకు, స్టాంపు డ్యూటీ తీసుకున్న ప్రభుత్వం పక్కకు తప్పుకుని, వాటిని నమ్మిన టీచరమ్మో, ఆర్టీసీ కండక్టరో మొత్తం మోయాలంటే అది అన్యాయం. మరడులో రాష్ట్ర ప్రభుత్వమే ముందు చెల్లించి, తర్వాత బిల్డర్ల దగ్గర రాబట్టుకోవాలని కోర్టు చెప్పింది. నా దృష్టిలో సరైన వరుస అదే. నోయిడా జంట టవర్ల కేసులో 2021 ఆగస్టు 31న కొన్నవాళ్లకు 12 శాతం వడ్డీతో బిల్డరు డబ్బు తిరిగివ్వాలని తీర్పు వచ్చింది, ఏడాదికి టవర్లు నేలమట్టమయ్యాయి. ఈ రెండు తీర్పులూ మీ లాయరు చేతిలో ఉండాలి. హైకోర్టుకు వెళ్తే అనుమతి ఇచ్చిన ఆఫీసును కూడా ప్రతివాదిగా పెట్టమనండి.

బ్యాంకుకు ఒక ఉత్తరం రాసి, లోను ఇచ్చేముందు వాళ్ల లాయరు ఇచ్చిన లీగల్ ఒపీనియన్ కాపీ అడగండి. దానికి ఫీజు కట్టింది మీరే. ఆదివారం 24 ఇళ్లవాళ్లూ సెల్లార్‌లో కూర్చుని, సంఘం రిజిస్టర్ అయి లేకపోతే ముందు ఆ పని మొదలుపెట్టండి. గేటు మీది నోటీసు వానకు తడిసి చిరగకముందే, తేదీ కనపడేలా ఫోటో తీసి పెట్టుకోండి.