ఆ ఒక్క మాటకే ఎకో

అమ్మాయీ,

అమ్మ పోయిన కూతురి మీద నువ్వు చేసి పంపిన పాట నాలుగుసార్లు విన్నాను. మొదటి రెండుసార్లూ చిరాకేసింది. మూడోసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటుంటే పల్లవి చివర నాకు గొంతు పట్టేసింది. అందుకే రాస్తున్నాను.

ముందు చిరాకు సంగతి. మూడున్నర నిమిషాల పాటలో పదకొండు మాటలకు డిలే, అంటే మాట కాస్త ఆగి మళ్లీ మోగే ఎకో, పెట్టావు. అమ్మ, చీకటి, గుండె, కన్నీళ్లు, మళ్లీ అమ్మ. ఇవన్నీ అసలే బరువైన మాటలు. వాటిని ఇంకోసారి మోగించి వినేవాడికి ఏం చెబుదామని? పైగా ఎకోలో మాట మొత్తం మిగలదు, తోకే మిగులుతుంది. నీ 'కన్నీళ్లు' ఎలా తిరిగొచ్చిందో విను. 'నీళ్లు... నీళ్లు...' అని వస్తోంది. అమ్మ పోయిన ఇంట్లో కూతురు ఏడుస్తుంటే, వెనకనుంచి ఎవరో దాహమని అడుగుతున్నట్టుంది. రాసేటప్పుడే ఇది చెవికి తట్టాలి. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ఆ అచ్చు సాగుతుంది, ఎకోకి అదే ఆహారం. తోక తెగి విడిగా వినిపించినప్పుడు అది ఏ మాటవుతుందో కవికి తెలిసుండాలి.

నేను ఎవరితోనైనా వాదించే మాట ఒకటుంది. డిలే పెట్టాల్సింది బరువైన మాటకు కాదు, జవాబు కోసం ఎదురుచూసే మాటకు. పిలుపుకి, ప్రశ్నకి. ఆ మాట తర్వాత ఖాళీ ఉండాలి, ఆ ఖాళీని వదలాల్సింది రాసేవాడే. మిక్సింగ్ చేసేవాడి చేతిలోకి వెళ్లేసరికి ఆలస్యమైపోతుంది.

ఇది నాకు నేర్పింది ఒక స్పూల్ టేప్ రికార్డర్. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. టేపు మొదట రికార్డు హెడ్ మీదుగా, తర్వాత ప్లేబ్యాక్ హెడ్ మీదుగా పోతుంది. ఇక్కడ రాసిన శబ్దం అక్కడికి చేరాక వినిపిస్తుంది. రెండింటి మధ్యా అయిదు సెంటీమీటర్ల ఎడం ఉండి, టేపు సెకనుకు 19 సెంటీమీటర్లు నడిస్తే, అది పావు సెకను ఆలస్యం. అప్పట్లో మాకు ఎకో అంటే అదే. పాట నడుస్తుండగా ఇంజనీరు గారు చేత్తో నాబ్ తిప్పి, మాట అవగానే మూసేయాలి. తప్పితే పాటంతా మళ్లీ మొదటినుంచి. ఆయన నా కాగితం తీసుకుని "ఏ మాటకో ఒక్కటి చెప్పండి" అన్నారు. గంటసేపు ఆ కాగితం ముందు కూర్చున్నాను. నా పాటలో అలాంటి మాటే లేదని తెలిసింది. ఇంటికెళ్లి పల్లవి తిరగరాశాను.

తర్వాత క్యాసెట్ల కాలంలో ఒక కంపెనీవాళ్లు నా పాట మొత్తాన్ని ఎకోలో ముంచేశారు. అలా ఉంటేనే జనం కొంటారట. మా నాన్న చెవి దగ్గర పెట్టుకుని విని, ఇందులో నువ్వు రాసింది ఎక్కడుందిరా అని అడిగారు. ఒక పత్రిక సంపాదకుడైతే నా కవితలో 'అమ్మ' పక్కన నన్నడక్కుండా మూడు చుక్కలు పెట్టి అచ్చేశాడు. కాగితం మీద ఎకో అంటే అదే కదా. ముప్పై ఏళ్లయినా ఆ చుక్కలు నాకు గుచ్చుకుంటూనే ఉన్నాయి. ఇప్పుడు రీల్స్‌లో ప్రతి పాదం చివరా అదే మోత.

ఇక నా గొంతు పట్టేసిన చోటు. 'ఎక్కడున్నావే' అని పిలిచావు చూడు, ఆ మాట. దానికి నువ్వు డిలే పెట్టనే లేదు! ఆ మాటని సగంలో విరిచి చూడు. 'ఎక్కడ' పొడిగా వదిలేసి, 'డు' దగ్గర హల్లు దాటాక, 'ఉన్నావే' ముక్కకు మాత్రమే డిలే ఇవ్వు. నువ్వు ఎక్కడున్నావే అని అడుగుతావు, ఇల్లు ఉన్నావే, ఉన్నావే అంటుంది. నువ్వు రాసిన మాటలోనే జవాబు ఉంది. అది చూసి నేను లేచి నిలబడ్డాను.

కంప్యూటర్లో శబ్దాలు కత్తిరించి కలిపే ఆడాసిటీలో చేశానన్నావు. మాటను సెలెక్ట్ చేసి నేరుగా ఎకో కొడితే, సెలక్షన్ అయిపోయిన చోటే తోక తెగిపోతుంది. నీ 'చీకటి' టక్కున ఆగిపోయింది అందుకే. 'ఉన్నావే' ముక్కను కాపీ చేసి, కొత్త ట్రాక్ మీద సరిగ్గా అదే చోట పెట్టు. వెనకాల నాలుగు సెకన్ల నిశ్శబ్దం కలిపి, రెండూ సెలెక్ట్ చేసి ఎకో ఇవ్వు. నీ టెంపో 75, అంటే నిమిషానికి 75 తాళం దెబ్బలు. నిమిషంలోని 60,000 మిల్లీసెకన్లని 75తో భాగిస్తే ఒక దెబ్బకు 800 మిల్లీసెకన్లు. డిలే 0.8 సెకను, డికే (ప్రతి మారూ శబ్దం ఎంత మిగలాలో చెప్పే అంకె) 0.3 చాలు. ఒక్కో మారు దాదాపు పది డెసిబెల్స్ తగ్గుతూ మూడుసార్లు వినిపించి ఆగిపోతుంది. తర్వాత ఆ ట్రాక్ మొదట్లో ఉన్న అసలు ముక్కను సైలెన్స్ చెయ్యి, లేకపోతే నీ గొంతు రెండింతలై వినిపిస్తుంది. ఆ ఎకోలో మూడు వేల హెర్ట్జ్ పైన ఉండే కీచు శబ్దాన్ని కోసెయ్యి. దూరం నుంచి వచ్చే గొంతుకి అంత పదును ఉండదు.

ఇప్పుడు నీ తర్వాతి పాదం ఒక్క దెబ్బ తర్వాతే మొదలవుతోంది, ఆ జవాబు మీద పడుతుంది. దాన్ని ఇంకో నాలుగు దెబ్బలు ఆలస్యంగా మొదలయ్యేలా జరుపు. జరపడానికి చోటు లేకపోతే పాదం కొట్టేసి మళ్లీ రాయి. మిగతా పదకొండు చోట్లా డిలే తీసెయ్యి. ముఖ్యంగా చరణంలో 'అన్నం ముద్ద' దగ్గర. అక్కడ అమ్మ చెయ్యి నోటి దాకా వచ్చింది, అంత దగ్గర శబ్దానికి ఎకో ఉండదు.

ఏ మైకు కొనాలో, సినిమావాళ్లకి ఎలా పంపాలో కూడా అడిగావు. ముందు ఇది చేసి పంపు.

అన్నట్టు, 'ఎక్కడున్నావే' అయ్యాక నువ్వు ఊపిరి పీల్చుకున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. శుభ్రం చేస్తూ దాన్ని కోసేయకు.